బీదరికం చూడవచ్చిన ఇన్‌స్పెక్టరు

ఆ రోజుల్లో మార్కులు తెచ్చుకోవడం ఒక విద్య అనీ, ఆ మార్కులకు స్కాలర్‌షిప్పు తెచ్చుకోవడం ఇంకో విద్య అనీ మాకెవరూ చెప్పలేదు. మొదటిది బడిలో నేర్పేవారు. రెండోది ఇంట్లో నేర్పాలి. అది నేర్పే ఇళ్ళు వేరే ఉండేవి, మా ఇల్లు వేరే. ఇప్పుడు మా వీధి పిల్లలు ఏ స్కాలర్‌షిప్పుకు ఏ కాగితం జతచేయాలో, ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉండాలో నాకే పాఠం చెబుతున్నారు. వాళ్ళ తెలివికి ముచ్చటపడుతూనే, లోపల కొంచెం కడుపుమంటతో కూడా వింటుంటాను. (ఈ వయసులో కడుపుమంట ఏమిటి అనుకోకండి. ఈ మంట నాకన్నా పదిహేడేళ్ళే చిన్నది.)

మాది కర్నూలు నుంచి పత్తికొండకు పోయే బాటలో ఒక నేతగాళ్ళ ఊరు. మా వీధి పొడవునా మగ్గాలకెక్కించే నిలువు దారాల పడుగులు సాగదీసి ఉండేవి. ఏ పనిమీద పోవాలన్నా వాటి పక్కనుంచి ఒదిగి ఒదిగి పోవాలి, అందుకే మా వీధివాళ్ళకు దర్జాగా నడవడం అలవాటు కాలేదు. మా నాయన చెయ్యి ఊళ్ళోకెల్లా పేరున్న చెయ్యి. అంత పేరున్నవాడికి మరి ఏమి మిగిలింది అని అడుగుతారేమో, పేరే మిగిలింది. పట్టు సావుకారుది, జరీ సావుకారుది, నేసిన చీర సావుకారుది. చెయ్యి ఎంత మంచిదైతే సావుకారు అంత ఖరీదైన పట్టు ఇస్తాడు. కాబట్టి మగ్గం మీద ఎప్పుడూ ఏ జమీందారిణో కట్టుకోబోయే చీర ఉండేది, ఆ పక్కనే మేము జొన్నసంకటి తింటూ ఉండేవాళ్ళం. ఇందులో ఒక తిరకాసు ఉంది. పట్టు ఇచ్చే ముందు సావుకారు ఇంటికి వచ్చి చూసుకునేవాడు. కప్పు కారుతోందా, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా, ఆడవాళ్ళ మెడలో ఏమైనా ఉందా అని. ఆకలితో ఉన్నవాడు పట్టు అమ్ముకుని పారిపోతాడని ఆయన భయం. అందుకని ఆయన వచ్చే రోజు అమ్మ ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, పొరుగింటి నుంచి రెండు ఇత్తడి బిందెలు తెచ్చి గూట్లో కనబడేలా పెట్టేది. ఇంటికి పెద్దమనిషి వస్తే కలిగినవాళ్ళలా కనబడాలి, లేకపోతే మగ్గం ఖాళీ అవుతుంది. మా వీధిలో ఇది ఉగ్గుపాలతో వచ్చిన చదువు. ఆ ఒక్క సబ్జెక్టులో మేమందరం మంచి మార్కులతో పాసైనవాళ్ళమే.

నేను కర్నూల్లో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చినప్పుడు మా స్కూల్లో అందరికన్నా ఎక్కువ మార్కులు నావే. అదీ ఒకటి రెండు కాదు, నా తరవాతివాడు కనుచూపు మేరలో లేడు. హెడ్‌మాస్టరును మేము కళ్ళజోడు అయ్యవారు అనేవాళ్ళం (ఆయన కళ్ళజోడు ముక్కు మీద ఉండేది తక్కువ, చేతిలో ఊగేది ఎక్కువ). ఆయన నన్ను గదిలోకి పిలిచి, "అనంతపురం కాలేజీకి మీ నాయన పంపగలడా?" అని అడిగారు. జవాబు కోసం ఆగకుండానే బల్ల సొరుగులోంచి ఒక అచ్చుకాగితం తీశారు. మద్రాసులో చనిపోయిన ఒక వర్తకుడి పేర ధర్మనిధి ఉందట. మార్కులు బాగా వచ్చి, చదివించుకునే స్తోమత లేని పిల్లలకు కాలేజీ ఖర్చంతా అది ఇస్తుందట, కానీ జిల్లాకు ఒక్కడికే. దరఖాస్తు అయ్యవారే తన చేత్తో నింపారు. 'కుటుంబ పరిస్థితి' అన్నచోట మంచి ఇంగ్లీషులో మా బీదరికాన్ని నాలుగు వాక్యాల్లో రాశారు. ఆ ఇంగ్లీషు చూసి నేను మురిసిపోయాను. "రెవిన్యూ ఇన్‌స్పెక్టరు మీ ఇంటికి వస్తాడు. చూసి రాసుకుని పోతాడు. అంతే" అన్నారు ఆయన. నా క్లాసువాడే ఇంకొకడు, గుమ్మడి అనేవాళ్ళం వాణ్ణి, ఆ పూటే అదే కాగితం నింపాడు. వాడి నాయనకు బావులు, శనక్కాయ చేలు, రెండు జతల ఎద్దులు ఉండేవి. లెక్కలు మాత్రం వాడికి నేనే చెప్పేవాణ్ణి. వాడి దరఖాస్తు చూసి జాలిగా నవ్వుకున్నాను కూడా.

ఇంటికి వచ్చి చెబితే నాయన పోగు నేస్తున్న నాడె ఆపాడు. ఆయన కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంట పక్కనే ఇంకొక గుంట ఉండేది. నాకు పదేళ్ళు వచ్చినప్పుడు నాకోసమని తవ్వించి, నేను చదువుతున్నానని పైన పలకలు పరిచి మూసిపెట్టాడు. ఆ పలకల మీదే కూర్చుని నేను చదువుకునేవాణ్ణి. నాయన వాటి మీద చెయ్యి వేసి, "ఇది వస్తే నువ్వు ఈ గుంటలోకి దిగే పనుండదు గదప్పా. నా మోకాళ్ళు సూడు, తెల్లారి లేస్తే పట్టుకొని పోతాండాయి. నీకొద్దు ఈ బతుకు" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ నాకు వడ్డించే సంకటిలో నెయ్యి కనబడటం మొదలైంది, అది ఎవరింటి నుంచి వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నెల తిరిగేసరికి తలారి వచ్చి, గురువారం పొద్దున ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని చెప్పి పోయాడు. ఇక చూడండి మా ఇల్లు. మేము భూమి లేనివాళ్ళం, రెవిన్యూవాళ్ళు మా గడప తొక్కిన పాపాన పోలేదు. మాకు తెలిసిన పెద్దమనిషి రాక ఒక్కటే, సావుకారు రాక. దీనికీ అదే తంతు మొదలుపెట్టాం, కాకపోతే పదింతలు. ఇత్తడి బిందెలు రెండు కాస్తా ఏడైనాయి. మా పెద్దమ్మ తన కాసులపేరు తెచ్చి అమ్మ మెడలో వేసింది. నా వంతుగా నేను ఒక ఆలోచన చెప్పాను. "నాయనా, ఆయన సర్కారు ఆఫీసరు, చాప మీద యాడ కూర్చుంటాడు? కుర్చీ కావాల." ఇది నా ఆలోచన అని దాచకుండా ముందే ఒప్పుకుంటున్నాను.

ఊరి మొత్తానికి కుర్చీ ఒకటే. అది కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరైన ఒక సాయబు మామది. ఆయన్ని అందరూ కుర్చీ సాయబు అనేవారు. నేను పోయి అడిగితే ఆయన గడ్డం నిమురుకుని, "కుర్చీ ఇచ్చేదానికి నాకేం ఇబ్బంది ల్యాదు బేటా. కానీ దాంతో నేను గూడా వస్తా. దాని కుడిపక్క కాలు నేను పట్టుకుంటే నిలబడతాది, ల్యాకుంటే మనిషిని కింద యేస్తాది" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కింద పడితే స్కాలర్‌షిప్పు కూడా పడుతుందని నేను రెండు చేతులా దండం పెట్టి పిలిచాను.

మీరు ఒక మాట అడగవచ్చు. దరఖాస్తులో బీదరికమని రాసుంది కదా, నీకు ఇంగ్లీషు వచ్చు కదా, నీ బుద్ధి ఏమైంది అని. న్యాయమైన ప్రశ్న. ఇన్నేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నాను. నాకు దొరికిన జవాబు ఇది: బీదరికం గురించి అయ్యవారు కాగితంలో రాసేశారు, ఆ పని అయిపోయింది అనుకున్నాను. ఇంటికి వచ్చే మనిషికి దాన్ని మళ్ళీ చూపించాలని తోచలేదు. తోచినా చూపించేవాణ్ణి కాదు. నాకు సిగ్గు. స్కూల్లో అందరికన్నా మొదట ఉన్నవాడి ఇంట్లో ఏమీ లేదని ఆ ఆఫీసరు కళ్ళతో చూడటం నాకు ఇష్టం లేదు, అంతే.

గురువారం వచ్చింది. ఇన్‌స్పెక్టరు పొట్టి మనిషి, చంకలో పుస్తకం, నుదుట చెమట. పాపం చెడ్డవాడు కాదు. ఎండలో నడిచి వచ్చినవాడు కుర్చీ కనబడగానే కూలబడ్డాడు. కుర్చీ సాయబు మామ తన పాత కోర్టు బంట్రోతు పట్టీ, ఆ డవాలీ, భుజాన వేసుకుని మరీ వచ్చాడు. కుర్చీ వెనక నిటారుగా నిలబడి, బరువు కుడిపక్క కాలి మీద పడకుండా ఒక చేత్తో దాని వెనక కోడు పట్టుకుని, కదలకుండా ఉన్నాడు. (ఇన్‌స్పెక్టరు ఆయన వంక రెండుసార్లు చూసి ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తరవాత తెలిసింది.) అమ్మ వెండిగ్లాసులో మజ్జిగ ఇచ్చింది. ఆ వెండిగ్లాసు ఎవరిదో నాకు గుర్తు లేదు.

ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయి చీర అంచు వేలితో తాకాడు. నెమలికంఠం రంగు పట్టు, జానెడు జరీ. "ఇది ఎంత పలుకుతుంది?" అని అడిగాడు. చేతిపని గురించి అడిగితే మా నాయనకు ఒళ్ళు తెలియదు. మద్రాసులో ఆ చీర ఎంతకు అమ్ముతారో, అంచులో ఎన్ని పోగులున్నాయో, దాన్ని ఏ ఇంటి ఆడవాళ్ళు కడతారో అంతా చెప్పాడు. పట్టు సావుకారుదని చెప్పలేదు. దాచాలని కాదు, ఆ సంగతి లోకంలో తెలియనివాళ్ళు ఉంటారని ఆయనకు తెలియదు.

ఆ ఇంట్లో నిజం చెప్పిన మనిషి ఒక్కతే ఉంది, మా అవ్వ. మూలన మంచం మీద కూర్చుని అంతా చూస్తున్న అవ్వ ఉన్నట్టుండి అమ్మతో, "ఒసే, ఆ కాసులపేరు సాయంత్రం మీ అక్కకు ఇచ్చెయ్యాల, మర్సిపోతావు. ఆ బిందెలు గూడా యెవురియి వాళ్ళకు ఇచ్చెయ్యి, కలిసిపోతే మల్ల కొట్లాటలు" అంది. ఇన్‌స్పెక్టరు రాస్తున్న చెయ్యి ఆపి తల ఎత్తాడు. ఆ క్షణం మా ఇంటి తలరాత అవ్వ చేతిలో ఉంది. దాన్ని లాక్కున్నవాణ్ణి నేను. ముందుకు దూకి, చక్కటి ఇంగ్లీషులో, ఆమె వృద్ధురాలనీ, మతి స్థిమితం లేదనీ, ఆమె మాటలు పట్టించుకోవద్దనీ విన్నవించాను. నా ఇంగ్లీషు విని ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలుగా తల ఊపాడు. అవ్వకు ఏమీ అర్థం కాక, "యేమంటాండాడే వాడు నన్ను?" అని అడిగింది. "నీ గురించి మంచిగా చెప్తాండాడు" అంది అమ్మ. అవ్వ సంతోషించి ఊరుకుంది.

వెళ్ళబోతూ ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి పట్టుకుని నాయనను అడిగాడు. "ఏమైనా చెప్పుకునేది ఉందా? ఇబ్బందులు గాని, కొరతలు గాని?" నాయన చేతులు కట్టుకుని, సావుకారుకు పాతికేళ్ళుగా చెబుతున్న మాటే చెప్పాడు. "యేం ల్యాదు సామీ. మీ దయవల్ల మాకు యే కొరతా ల్యాదు." ఆయన మళ్ళీ, "ఏ కొరతా లేదా?" అంటూ ఈసారి నా వంక చూశాడు. చదువుకున్నవాణ్ణి కదా, నేను చెబుతానని ఆయన చూసి ఉంటాడు. అమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. వీధిలో సగం మంది గడపలో ఉన్నారు. నేను లేదు సార్ అన్నట్టు తల ఊపాను.

ఆ సాయంత్రం బిందెలు ఇచ్చి వచ్చేటప్పుడు అమ్మ ముఖంలో ఉన్న వెలుగు చెప్పలేను. "అంత పెద్ద ఆఫీసరు, మనింట్లో తృప్తిగా మజ్జిగ తాగి పాయె" అని వీధంతా చెప్పుకుంది. నేను అనంతపురానికి ఏ చొక్కా వేసుకుపోవాలా అని ఆలోచనలో ఉన్నాను.

తరవాత నెలన్నరకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. టపా మనిషి వీధి మొదట్లోనే కేక వేయడంతో చుట్టుపక్కల మగ్గాలన్నీ ఆగిపోయాయి. నాయన గుంటలోంచి లేవకుండానే, "సదువప్పా, గట్టిగా సదువు" అన్నాడు. ఇంగ్లీషులో అచ్చు కొట్టిన ఆరు వరుసలు. అభ్యర్థి మార్కులు ఈ జిల్లా నుంచి దరఖాస్తు పెట్టిన వారందరిలోనూ అత్యధికమని గుర్తించి సంతోషిస్తున్నాము అని మొదటి వాక్యం. అయితే విచారణలో కుటుంబం సుఖంగా జీవిస్తున్నట్టు, ఇంట్లో విలువైన పట్టుచీరలు, బంగారు నగ, ఒక ముసల్మాను నౌకరు ఉన్నట్టు తేలింది గనుక, ఏ కొరతా లేదని వారే చెప్పారు గనుక, ఈ ధర్మం మరింత అవసరమైన వారికి ఇస్తున్నాము అని మిగతాది.

నేను రెండుసార్లు చదువుకున్నాను. తల ఎత్తితే నాయన, ఆయన వెనక అమ్మ, మంచం మీద అవ్వ. ముగ్గురూ నా నోటి వంక చూస్తున్నారు. ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే ఏమవుతుందో నాకు కనబడింది. నాయన తన మాట గుర్తు చేసుకుంటాడు. అమ్మ ఆ కాసులపేరు గుర్తు చేసుకుంటుంది. బతికినన్నాళ్ళూ వాళ్ళు దాన్నే తలచుకుంటారు. కాగితం మడిచి, "మార్కులు చాల్లేదంట నాయనా" అన్నాను.

వీధిలో ఒక్కొక్క మగ్గమే మళ్ళీ మొదలైంది. నాయన, "యెన్ని తక్కువైనాయి?" అన్నాడు. అది ఆలోచించి పెట్టుకోలేదు నేను. "రెండు" అన్నాను. ఎక్కువ చెప్పడానికి అప్పుడు కూడా మనసు రాలేదు. నాయన తల కొట్టుకోలేదు, తిట్టలేదు. "రెండు మార్కులకు పోగొట్టుకుంటివి గదప్పా. ఇంగ కొంచెం సదివింటే అయిపోయేది గదా" అన్నాడు, అంతే. అమ్మ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా. ఆ ఇన్‌స్పేటరు సామి మన గురించి మంచిగానే రాసింటాడు. మర్యాదకేం తక్కువ చెయ్యలేదు మనం" అంది. "మంచిగానే రాసినాడమ్మా" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. మధ్యాహ్నం నీళ్ళ పొయ్యిలో ఆ ఉత్తరం పెట్టేశాను. జిల్లాలో నేను మొదటివాణ్ణని ఎవరైనా రాసిచ్చిన కాగితం నా జన్మలో అదొక్కటే. బాగా మండింది, మంచి కాగితం.

మరుసటి వారం నాయన ఆ పలకలు తీశాడు. నేను గుంటలోకి దిగాను. అప్పుడే గుమ్మడి కొత్త ట్రంకుపెట్టెతో అనంతపురం పోతూ దారిలో నన్ను చూడటానికి వచ్చాడు. వాడికి స్కాలర్‌షిప్పు వచ్చింది. దాచుకోవడం తెలియని పిల్లవాడు, విరగబడి నవ్వుతూ చెప్పాడు. "మా నాయన నెల్రోజులు గడ్డం గీసుకోలేదప్పా. ఇన్‌స్పేటరు వస్తాండాడని తెలిసి ఎద్దుల్ని మా మామోళ్ళ ఊరికి తోలినాడు. చిరిగిన కంబళి కప్పుకొని కొట్టంలో కూర్చున్నాడు. వానలు ల్యానప్పుడల్లా శిస్తు మాఫీకి అట్లనే కూర్చుంటాడు గదా, శానా అలవాటు. మీ నాయనకు యెవురూ చెప్పల్యాదా?" చెప్పలేదప్పా అన్నాను. మా నాయనకు శిస్తు కట్టేంత భూమి ఉంటే ఆ విద్య వచ్చి ఉండేది. బీదవాడిగా కనబడటం నేర్చుకోవడానికి కూడా కొంత ఆస్తి కావాలని ఆ పూట తెలిసింది. వాడి మీద కోపం రాలేదంటే అబద్ధం. వాడు ట్రంకుపెట్టె ఎత్తుకుని పోతుంటే, ఆ పెట్టె కిందపడి పగిలిపోతే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

మూడేళ్ళు మగ్గం మీద కూర్చుని, తరవాత ట్రైనింగు అయి, ప్రాథమిక పాఠశాలలో పంతులునయ్యాను. నాయన ఆ రెండు మార్కుల్ని వదల్లేదు. వీధిలో ఏ పిల్లవాడు పలక పట్టుకుని కనబడినా, "బాగా సదువు. మావోడు శానా తెలివైనోడే, రెండు మార్కులకు బతుకు పోగొట్టుకున్యాడు" అనేవాడు. నా పెళ్ళిలో వియ్యాలవారికి చెప్పాడు. నా కొడుక్కి చెప్పాడు. ఒక్కోసారి నోటిదాకా వచ్చేది, తప్పు నా మార్కులది కాదు నాయనా, నీ మాటదీ నేను ఊపిన తలదీ అని. చెప్పలేదు. వాళ్ళ కోసమే దాచానని అందరితోపాటు నాకూ చెప్పుకున్నాను గాని, అది సగమే. కుర్చీ నేను తెచ్చాను. అవ్వ నోరు నేను మూయించాను. నిజం బయటికి వస్తే ముందు నిలబడాల్సింది నేనే. ముగ్గురూ ఆ రెండు మార్కులు నమ్మే పోయారు.

మొన్న మా మనవరాలు లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని, "తాతా, నీకు ఆ రెండు మార్కులు దేంట్లో పోయినాయి?" అని అడిగింది. ఇంట్లో అందరికీ తెలిసిన కథే కదా. "రేఖాగణితంలో, వృత్తం లెక్క దగ్గర" అన్నాను, ఒక్క క్షణం తడుముకోకుండా. అది పుస్తకం మూసి ఆడుకోవడానికి పోయింది. నేను మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, దాని నోటుబుక్కులో ఆ లెక్కను గుర్తు చేసుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చేశాను. సరిగ్గానే వచ్చింది. మళ్ళీ చేశాను. ఎన్ని వరుసలు వెతికినా తప్పెక్కడా దొరకలేదు. ఇంత ముసలివాణ్ణి, ఆ పూట భోజనానికి పిలిచినా లేవకుండా, నేనే కల్పించిన తప్పు కోసం వెతుకుతూ కూర్చున్నాను.